పదకొండు రోజుల బాకీ

మొదట పోయినవి రాస్తాను.

ఒక ఆడపిల్ల. బరువు కిలో నూరు గ్రాములు. కడుపులో ఉన్నది ఇరవై తొమ్మిది వారాలు, బయట ఉన్నది ఆరు గంటలు. తల్లి ఒంట్లో రక్తం అంతకు ముందే ఏడు పాయింట్లు. కాన్పులో ఇంకా పోయింది, ఎక్కించింది రెండు సంచులు. మేము ఇచ్చిన ఐరన్ మాత్రల్లో ఆమె ఎన్ని మింగిందో ఎవరూ చూడలేదు కాబట్టి వాటినీ పోయినవాటిలోనే వేస్తాను. బిడ్డ పోయిందని తండ్రికి తెలియకుండా గడిచిన రోజులు పదకొండు.

ఈ ఆఖరి అంకెలో నా తప్పు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీరు చదవాలని రాస్తున్నాను.

కార్డు మీద ఒక్క గీత

నేను ఇరవై తొమ్మిదేళ్లు మేల్ హెల్త్ అసిస్టెంటుగా పనిచేశాను. కొన్నాళ్లు గుడివాడ వైపు, ఎక్కువకాలం దివిసీమలో, చివర బందరులో. మోకాళ్లు అరిగిపోవడంతో సర్వీసు ఇంకా ఉండగానే దిగిపోయాను. ఊళ్లలో మమ్మల్ని ఎవరూ హోదాతో పిలవరు. "మలేరియా ఆయన వచ్చాడు" అంటారు. మీరూ దానికి అలవాటుపడాలి.

మాది ముదినేపల్లి దగ్గర పల్లె. నాన్న చేపల చెరువుల దగ్గర కాటా పట్టేవాడు. బడిలో నాకు లెక్కల్లో ముప్పై అయిదు మార్కులు దాటలేదు. చెరువు గట్టు మీద మాత్రం వల విసిరి, పడిన చేపల్లో ఇరవై తూచి, మొత్తం చెరువు బరువు అంచనా కట్టి రేపటి మేత ఎంతో చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. లెక్క తప్పితే మేత నీళ్లపాలయ్యేది, మర్నాడు గట్టు మీద తిట్లు తినేవాణ్ణి. అలా వచ్చింది.

ఆ అలవాటు ఉద్యోగంలోకీ వచ్చింది. గర్భిణి కార్డు తీసుకుంటే ఆమె బరువు, బీపీ, రక్తం, పొట్ట ఎత్తు, ఇంజెక్షన్లు, మాత్రలు, అన్నిటికీ గడులున్నాయి. భర్తకు ఒక్క గీత ఉంది, దాని మీద పేరు రాస్తాం. ఆ గీత తర్వాత తొమ్మిది నెలలూ అతని గురించి ఇంకో గడి లేదు.

గుడివాడ వైపు పనిచేసే రోజుల్లో ఒక పరీక్షల రోజున ఊరికే లెక్కపెట్టాను. నలభై ఒక్కమంది గర్భిణులు వచ్చారు. పదిహేడుమందిని భర్తలే తీసుకొచ్చారు. ఆ పదిహేడుమందీ గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డారు. మీ ఆవిడకు రక్తం ఎంత ఉందని ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరికీ తెలియదు. బైకు లీటరుకు ఎంత ఇస్తుందంటే పదిహేడుమందీ చెప్పారు.

నా సూపర్‌వైజరుకు ఇది చూపించాను. ఆయన నవ్వి, "మొగుళ్ల సంగతి మనకెందుకయ్యా, నువ్వు దోమలు చూసుకో" అన్నాడు. చాలాకాలం నేనూ ఆ మాటే పట్టుకుని పనిచేశాను. మగవాళ్లు పట్టించుకోరు అని చెప్పుకోవడం మనకు సుఖం. వాళ్లు కూర్చోవడానికి లోపల ఒక బల్ల కూడా లేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. అవనిగడ్డలో నాకు పైఅధికారిగా వచ్చిన డాక్టరమ్మ గారు ఆ బల్ల వేయించారు. తర్వాత ఆవిడ బందరుకు బదిలీ అయితే బల్ల సంగతి అక్కడా పట్టుకున్నారు. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద సంస్కరణ అదే. ఆరడుగుల చెక్క.

చెప్పొద్దన్నప్పుడు సరేనన్నాను

నాగమణి కాపురం గిలకలదిండిలో. తల్లి చిన్నప్పుడే పోయింది. తొలి కాన్పుకు వెళ్లడానికి పుట్టిల్లంటూ లేదు. అత్తగారు చేపలు అమ్ముకోవడానికి పొద్దున్నే గంప ఎత్తుకుని వెళ్లిపోయేది. భర్త ఏడుకొండలు మరబోటుకు సరంగు, అంటే చుక్కాని పట్టి బోటు నడిపేవాడు. వేటకు వెళ్తే పది పన్నెండు రోజులు నీళ్ల మీదే.

మొదటిసారి ఏడో నెలలో, బోటు వెళ్లిన రెండో రోజున ఆమెకు నొప్పులు వచ్చాయి. తర్వాత ఏమైందో పైన రాశాను.

బోటు ఓనరు దగ్గరికి నేనే వెళ్లాను. ఒక బోటు నుంచి ఇంకో బోటుకు వైర్‌లెస్‌లో కబురు అందించవచ్చు. ఆయన చెడ్డవాడు కాదు. "ఇప్పుడు చెప్తే అక్కణ్ణించి ఏం చేస్తాడండీ? ఆడి బుర్ర పాడైపోద్ది, మిగతా ఏడుగురి వేటా పోద్ది. వచ్చాక చెబుదాం" అన్నాడు. ఒకడి దుఃఖం ఒకవైపు, ఏడుగురి నష్టం ఒకవైపు. అంకెలు చూసి సరేనన్నాను. నా ఉద్యోగంలో ఇంత చెడ్డ లెక్క ఇంకొకటి చేయలేదు. ఆమె మంచం మీద ఒక్కతే పడి ఉన్న పదకొండు రోజులు ఆ లెక్కలో ఎక్కడా రాలేదు.

బోటు వచ్చింది. ఏడుకొండలు భార్య కోసం ఒక చందువా చేపను వేలంపాటలో పెట్టకుండా సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాడు. నాగమణి ఏడవలేదు. గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి, "పదకొండు రోజులు" అందట.

కబురు ఆపడానికి నేనూ ఒప్పుకున్నానని అతనికి చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు.

"నాకు చెప్పాల్సిందండీ. రాగలిగేవాణ్ణా లేదా, అది వేరే సంగతి. చెప్పాల్సింది" అన్నాడు.

పెన్ను ఎవరి చేతిలో ఉండాలి

ఏడాదిన్నర తర్వాత ఏడుకొండలు చేతిలో భార్య కార్డు పట్టుకుని మా కేంద్రానికి వచ్చాడు. మళ్లీ మూడో నెల. రక్తం ఎనిమిది పాయింట్ల ఒకటి. "ఈసారి నేనేం చెయ్యాలో కాయితం మీద రాసివ్వండి మావయ్యగారూ, బోటు రిపేరు లిస్టులాగ" అన్నాడు. వెళ్లబోతూ ఆగి, ఆ పదకొండు రోజులు ఎలా తీర్చాలి అని అడిగాడు. అది నన్ను అడగాల్సిన ప్రశ్న కాదని, అయినా లెక్క పెట్టడానికి సాయం చేస్తానని చెప్పాను. నోటు పుస్తకంలో ఒక పేజీకి పదకొండు గడులు గీశాను. ఆ పేజీ నా దగ్గర ఉంటుంది. దాని నకలు వాళ్లింట్లో క్యాలెండరు పక్కన అంటించాలి. టిక్కు పెట్టే పెన్ను మాత్రం నాగమణి చేతిలో ఉండాలి.

తర్వాతి వేట నుంచి వచ్చి అతను నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉన్నాడు. నాలుగు గడులు నిండుతాయనుకున్నాడు. ఆమె ఒక్కటీ పెట్టలేదు. పగలంతా అతను జెట్టీ మీద వలలు బాగుచేసుకుంటూనే ఉన్నాడు. "ఊళ్లో ఉన్నావు. నాతో ఎక్కడున్నావు?" అందట.

మొదటి టిక్కు ఎప్పుడు పడిందంటే, అతను పరీక్షలకు ఆమెతో వచ్చి, లోపల బల్ల మీద కూర్చుని, డాక్టరమ్మను మూడు ప్రశ్నలు అడిగిన రోజున. రాత్రి నిద్రపట్టట్లేదంటోంది, ఏం చెయ్యాలి? నీళ్ల బిందె ఎత్తొచ్చా? భయమేస్తుందంటే నేనేం చెప్పాలి? మూడోదానికి డాక్టరమ్మ, "ఏం చెప్పక్కర్లేదు, కూర్చుని విను" అన్నారు.

మీకు నేను నేర్పగలిగింది ఇందులోనే ఉంది. మగవాడికి పని చెబితే చేస్తాడు. సరిపోయిందా లేదా అని చెప్పాల్సింది మాత్రం భార్య. మనం కాదు, అతనూ కాదు. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనిచేసే ఖాదర్ అనే అతను, భార్యకు నెల తప్పిందని తెలిసిన రోజునే పూత పెట్టే గిన్నెలు, యాసిడ్ సీసాలు ఇంట్లోంచి తీసేసి అద్దె షెడ్డులో పెట్టుకున్నాడు. పని దూరమైంది, అద్దె భారమైంది. అతన్ని నేను తెగ మెచ్చుకున్నాను. అతని భార్య మాత్రం, "అది సరేగానీ భాయ్, మా అత్త దెప్పినప్పుడు నోరు తెరవమనండి" అంది. గిన్నెలు మొయ్యడం కంటే అది బరువైన పని అని ఖాదరే ఒప్పుకున్నాడు. ఆ బరువూ ఎత్తాడు.

డ్యూటీ ఎక్కేవాళ్లు ముందు

నాగమణి ఇంటి నిండా చేపలే. అయినా ఆమెకు రక్తం లేదు. ఎందుకంటే మంచివి అమ్మకానికి పోతాయి. వండినవి ముందు మొగుడు, తర్వాత అత్త తింటారు. చివర గిన్నె అడుగున పులుసు, రాత్రి మిగిలిన పచ్చడి ఆమెకు. ఆమెను అడిగితే తిన్నాననే చెబుతుంది.

నువ్వు ఆమె తర్వాత తిను అని ఏడుకొండలుకు చెప్పాను. అత్తగారు గంప దించి మరీ నా మీదికి వచ్చింది. మొగుడి కంటే ముందు కంచం పట్టే కోడల్ని బందరులో ఎక్కడా చూడలేదంది. ప్రొటీను లెక్కలు చెప్పబోయాను, ఆవిడ వినలేదు.

ఏడుకొండలే అందుకున్నాడు. "అమ్మా, బోటు మీద ముందు ఎవరు తింటారు? సరంగైనా, ఓనరు కొడుకైనా ఆగాల్సిందే. తర్వాత డ్యూటీ ఎక్కేవాడు ముందు తింటాడు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నది ఇదే. తొమ్మిది నెలలూ దిగదు."

ఆవిడ మొగుడు కూడా బోటు మనిషే. ఆ ఆచారం ఆవిడకూ తెలుసు. ఆ రోజు నుంచి కోడలి కంచంలో మొదటి ముక్క ఆవిడే వేసేది. మన పోస్టర్లు చేయలేని పని వాళ్ల బోటు ఆచారం చేసింది. మీరు ఏ ఊరు వెళ్లినా ముందు ఆ ఊరి పనివాళ్ల ఆచారాలు తెలుసుకోండి.

ఎనభై మాత్రలు, పాయింటులో పదో వంతు

ఇక నా రెండో తప్పు. మాత్రలు భార్య చేతికి వదిలేయకు, నీ చేత్తో ఇవ్వు అని ఏడుకొండలుకు చెప్పాను. రోజుకు రెండు చొప్పున నలభై రోజులు. ఖాళీ రేకులు దాచమన్నాను. అతను దారానికి గుచ్చి తెచ్చాడు. లెక్కపెట్టాను. ఎనభైకి ఎనభై. ఆ దండ చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను.

రక్తం పరీక్ష చేస్తే ఎనిమిది పాయింట్ల రెండు. నలభై రోజులకు పెరిగింది పాయింటులో పదో వంతు.

రేకులు ఖాళీ, రక్తం లేదు. అంటే మాత్రలు ఎక్కడికో పోతున్నాయి. నాకు తోచింది ఒక్కటే. వాళ్లింటికి వెళ్లి, అందరి ముందూ, మాత్రలు కాలవలో పడేస్తున్నావామ్మా అని నాగమణిని అడిగాను.

"పడేస్తే చేపలకైనా రక్తం పట్టేది కదండీ" అంది. నవ్వుతూ అనలేదు.

ఏడుకొండలుకు కోపం వచ్చింది. "నా చేత్తో ఇస్తున్నానండీ. టీ కాచి మరీ ఇస్తున్నాను. నేను వేటకెళ్తే మా అమ్మ ఇస్తుంది, అదీ టీతోనే" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. విని కూడా వదిలేశాను. బోటు మీద వాళ్లకు టీయే తిండి, టీయే మందు. చిక్కగా నల్లగా మరిగించి జ్వరానికీ, నిద్రమత్తుకూ, దిగులుకూ అదే తాగుతారు. ప్రేమ కొద్దీ ఆమెకూ అదే పోశాడు.

మర్నాడు దండ తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"ప్రసాద్ గారూ, మీరు లెక్కపెట్టింది రేకులు. దేంతో మింగిందో అడిగారా?"

టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఈ ముక్క నాకు ట్రైనింగులో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తిరిగి వెళ్లి, ఎవరి ముందు ఆమెను అనుమానించానో వాళ్ల ముందే తప్పు నాదని చెప్పాను. నాగమణి, "పోన్లెండి, టీ మాత్రం బాగుండేది" అంది.

టీకీ మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం పెట్టించాం. మాత్ర నిమ్మకాయ నీళ్లతో వేయించాం. మిగతా విషయంలో ఏడుకొండలు ఏమీ మార్చలేదు. అదే చెయ్యి, అదే వేళ. తర్వాత వేసవిలో వేట నిషేధం వచ్చి రెండు నెలలు అతను ఒడ్డునే ఉన్నాడు. నీళ్లు మోశాడు, బట్టలు ఉతికాడు, సాయంత్రాలు ఆమెతో జెట్టీ దాకా నడిచాడు. తోటి బోటు మనుషులు ఊరుకుంటారా? "ఏరా ఏడుకొండలూ, అది కంటుందా, నువ్వు కంటున్నావా?" అని అడిగేవారు. "ఇద్దరం కంటున్నాంరా, నీకేం నొప్పి" అనేవాడు. గోడ మీద గడులు ఎనిమిది నిండాయి. ముప్పై ఏడో వారానికి రక్తం పది పాయింట్ల ఆరు.

ఆ అంకె రాసి, దాని కింద రెండు గీతలు గీశాను.

పన్నెండు రోజుల వేట

నిషేధం ఎత్తేశాక మొదటి వేట అంటే ఏడాదిలో పెద్ద వేట. రెండు నెలలు ఖాళీగా ఉన్న సముద్రం. ఓనరు వచ్చి ఏడుకొండలును పిలిచాడు. పన్నెండు రోజులు. నాగమణికి డాక్టరమ్మ ఇచ్చిన కాన్పు తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. పద్దెనిమిదిలోంచి పన్నెండు తీస్తే ఆరు రోజులు మిగులుతాయని ఓనరు వేళ్ల మీద చూపించాడు.

ఏడుకొండలు నా దగ్గరికి వచ్చాడు. అతనికి నేను చెప్పింది ఇది. తేదీ అంటే ఒక్క రోజు కాదు. దానికి అటు రెండు వారాలు, ఇటు రెండు వారాలు వేసుకోవాలి. నువ్వు వెళ్లే పన్నెండు రోజుల్లో ఎనిమిది ఆ వారాల లోపలే పడతాయి. ఏ రోజున అవుతుందో నేనూ చెప్పలేను, డాక్టరమ్మా చెప్పలేరు. మొదటిసారి నీ తరఫున నేను లెక్క వేసి తప్పు చేశాను. ఈసారి అంకెలు మాత్రం నావి, నిర్ణయం మీ ఇద్దరిది.

అతను నాగమణిని అడిగాడు. వెళ్లొద్దు అని ఆమె అనలేదు. గోడ మీద మిగిలిన మూడు గడుల వైపు చూసిందట.

బోటు వేరే సరంగుతో వెళ్లింది. ఏడుకొండలు జెట్టీ మీద ఐసు దింపే పనికి కుదిరాడు.

బోటు వెళ్లిన ఆరో రోజు ఉదయం తొమ్మిదింటికి ఆమెకు ఉమ్మనీరు పోయింది. రక్తం కనిపించడం, కళ్లు మసకబారేంత తలనొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం, నీరు పోవడం. ఈ అయిదింటిలో ఏది కనిపించినా నాకోసం చూడొద్దు, ఆటో ఎక్కించు అని అతనితో కంఠస్థం చేయించాను. బోటు కాగితాలు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో కార్డు, ఆమె రక్తం గ్రూపు, ఆటో నెంబరు వేసి గుమ్మం పక్కన మేకుకు తగిలించి ఉంచాడు. తొమ్మిదీ ఇరవైకి వాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు. నాకు ఫోను వచ్చింది తొమ్మిదిన్నరకు. నేను వెళ్లేసరికి బల్ల మీద ఏడుకొండలుతో పాటు ఐసు పనివాళ్లు అయిదుగురు కూర్చుని ఉన్నారు. చొక్కాలు ఇంకా తడిగానే ఉన్నాయి. అవసరమైతే రక్తం ఇవ్వడానికి వచ్చారు.

మధ్యాహ్నం రెండూ పదికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు. తల్లికి రక్తస్రావం కొంచెం ఎక్కువే అయింది, కానీ ఆ పది పాయింట్ల ఆరు నిలబెట్టింది. ఒక్క సంచి కూడా ఎక్కించలేదు. అయిదుగురూ చొక్కా చేతులు కిందికి దించుకుని, రక్తం ఇవ్వకపోయినా పళ్లరసం ఇస్తారా అని నర్సును అడిగి తిట్లు తిన్నారు.

డాక్టరమ్మ బయటికి వచ్చి, "సరంగు గారెవరండీ? రండి, మీ డ్యూటీ మనిషి పిలుస్తోంది" అన్నారు.

అతను లోపలికి వెళ్లాక నేను ఓనరుకు ఫోన్ చేశాను. ఈసారి బోటుకు చెప్పండి అన్నాను. ఆయన చెబుతానన్నాడు. బోటు నుంచి బోటుకు కబురు వెళ్లింది. నడిసముద్రంలో కొత్త సరంగు హారన్ మోగించాడని, పక్క బోట్లు ఎందుకో తెలియకుండానే తామూ మోగించాయని, తిరిగి వచ్చాక వాళ్లు చెప్పారు. ఎన్ని బోట్లని అడిగాను. లెక్కపెట్టలేదన్నారు. నా జీవితంలో లెక్క తెలియకపోయినా బాధపడని అంకె అదొక్కటే.

పేజీ

పాప పుట్టాక ఏడుకొండలు ఒడ్డున మొత్తం ఇరవై రెండు రోజులున్నాడు. బాకీ తీరి పై రోజులు కూడా మిగిలాయని అతని ధీమా. నాగమణి ఒప్పుకోలేదు. "అవి పాపవి. నావి కావు" అంది. తర్వాత ఆరు నెలల్లో రెండు టిక్కులు పెట్టింది. ఒకటి, పాపకు జ్వరం వస్తే తెల్లవార్లూ అతను కూర్చుని ఆమెను పడుకోనిచ్చిన రోజుకు. ఇంకొకటి, మొదటి బిడ్డను పూడ్చిపెట్టిన చోటికి ఆమెను అతనే తీసుకెళ్లిన రోజుకు.

పాపకు ఇప్పుడు మూడేళ్లు. బరువు పదమూడు కిలోలు. ఏడుకొండలు మళ్లీ అదే బోటుకు సరంగు. ఈ మధ్య గిలకలదిండి వెళ్లినప్పుడు వేటకు బయల్దేరుతున్నాడు. నాగమణి పాపను ఎత్తుకుని జెట్టీ మీద నిలబడి ఉంది. నా పాత పుస్తకం చేతిలోనే ఉంది. ఈ పేజీ చాలాకాలంగా తెరిచే ఉందమ్మా, ఆ ఒక్కటీ చెల్లు రాసేద్దామా అని అడిగాను.

"రాయకండి మావయ్యగారూ. బాకీ ఉన్నోడు తిరిగొస్తాడు" అంది.

రావాల్సినవి పదకొండు. వచ్చినవి పది. నేటికి బాకీ ఒకటి.